లోపలాయన నేలబల్లులు

లోపలాయన కాలు విరిగి ఆసుపత్రిలో పడుకుని ఉండగా ఆయన అన్న బల్లులన్నిటినీ వ్యానెక్కించి పంపించేశాడు. తమ్ముణ్ణి ఒక్క మాట అడగలేదు. పెంపుడు జంతువులు అమ్ముకునేవాడెవడో ఏదో పని మీద ఆ వీధికి వస్తే, లోపలికి పిలిచి, "ఇవన్నీ పట్టుకుపో" అన్నాడు. వాడు బేరానికి నోరు తెరిచేలోపే, "నువ్వేమీ ఇవ్వక్కర్లేదు, ఇవాళే తీసుకుపోతే అదే పదివేలు" అన్నాడు. వ్యాను వీధి మలుపు తిరిగాక గాజుపెట్టెలు కడిగించి గోడవార బోర్లించాడు. వాటిలోని ఇసుకంతా వెనక పెరట్లో కుళాయి దగ్గర గుట్టగా పోయించాడు. గదికి సున్నం వెయ్యడానికి మనిషిని కూడా మాట్లాడాడు.

ఇదంతా చెల్లెలికి ఆ సాయంత్రం తెలిసింది. రోజూలాగే ఆమె బల్లులకు మేత వెయ్యడానికి తాళంచెవి పట్టుకుని వచ్చింది. కాలికి పిండికట్టు వేస్తున్నప్పుడు కూడా చిన్నన్నయ్య ఆమెకు ఈ అప్పగింతలే పెట్టాడు. "కీచురాళ్లకు క్యారెట్ ముక్క వెయ్యి. ఇసుక మీద ఒక మూల మాత్రమే నీళ్లు చిలకరించు, అంతా తడపకు. గోడ పక్క పెట్టెలో ముసలమ్మ పొట్టతో ఉంది, దాన్ని అసలు కదపొద్దు." డాక్టరు ఆయన మొహంలోకి వింతగా చూసి, ముసలమ్మ ఎవరని కూడా అడిగాడు.

అన్నదమ్ముల దుకాణంలో అడుగు పెట్టగానే ఆమెకు ఏదో తేడా అనిపించింది. వెనక గదిలోంచి రావాల్సిన కీచు చప్పుడు లేదు. గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఫినాయిలు వాసన.

"వచ్చావా చెల్లీ! చూడు, గది ఎంత వెడల్పయిందో!" అన్నాడు పెద్దన్నయ్య. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "ఇక్కడ నాలుగు కుర్చీలు వేస్తే కస్టమర్లు కూర్చుంటారు. ఒక ఫ్యాను. గోడకి చూపు పరీక్షించే అక్షరాల బోర్డు."

"బల్లులేవీ?"

"మంచి చోటికే పంపించాన్లే."

"చిన్నన్నయ్యతో చెప్పావా?"

"చెప్తే ఒప్పుకుంటాడా? నువ్వే చెప్పు, ఒప్పుకుంటాడా? మొన్న పెద్దావిడెవరో కళ్లజోడు పెట్టె తెరిస్తే లోపల్నించి కీచురాయి ఎగిరి ఆవిడ మీద పడింది. పడిపోయేదే! నేనే పట్టుకున్నాను. ఎన్నాళ్లు భరించమంటావు?"

మనకు మంచి చేస్తున్నామనుకునేవాళ్లతో ఇదే చిక్కు. వాళ్లను తిట్టడానికి ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చింది. వీధి చివరిదాకా నడిచాక గాని ఏడుపు రాలేదు.

ఆ దుకాణం కళ్లజోళ్ల దుకాణం. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ నడిపేవారు. ముందు కూర్చుని మాట్లాడేది, ఫ్రేములు చూపించేది, "మీ మొహానికి ఇది అతికినట్టుంది" అనేది పెద్దన్నయ్య. వెనక గదిలో అద్దాలు అరగదీసేది, ఫ్రేముల్లో బిగించేది, వదులైన కాడలు సరిచేసేది తమ్ముడు. వచ్చినవాళ్లు అన్నను సారూ అనేవారు. తమ్ముడు బయటికి వచ్చేవాడు కాడు కనక పేరు తెలియదు. "ఈ కాడ ఊగుతోంది సారూ, లోపలాయనకి ఒకసారి చూపించండి" అనేవారు. అలా లోపలాయన అయ్యాడు. పోనుపోను ఇంట్లోవాళ్లు కూడా హాస్యానికి అదే పేరు పిలిచారు.

బల్లులు ఆ గదిలోకి వచ్చిన తీరు కూడా విచిత్రమే. బదిలీ మీద వెళ్లిపోతున్న సైన్సు మేష్టారొకాయన కొత్త కళ్లజోడు తీసుకుంటూ, చేతిలోని గాజుపెట్టె బల్ల మీద పెట్టి, "సామాను సర్దుకుని వస్తాను, అందాకా ఉంచండి" అన్నాడు. మళ్లీ రాలేదు. పెట్టెలో జానెడు ఇసుక, రెండు రాళ్లు, రాళ్ల కింద రెండు బల్లులు. గోడలెక్కే రకం కాదు. వేలి కొసల్లో అతుక్కునే పట్టు లేదు వాటికి. నేల మీదే నడుస్తాయి, పొట్ట కాస్త పైకెత్తి, పెద్దమనుషుల్లా. బుర్ర పెద్దది, కళ్లు మరీ పెద్దవి. పెద్దన్నయ్యకు చిన్నప్పటి నుంచీ బల్లి అంటే ఒళ్లు జలదరింపు. కుర్చీ ఎక్కి నిలబడి, "లోపల పెట్టరా! ముందు లోపల పెట్టు!" అని కేకలు వేశాడు. అవి లోపలికి పోయాయి. లోపలాయన పాలబడ్డాయి.

చెల్లెలికి పెళ్లికాని రోజులవి. దుకాణంలో ఫ్రేముల దుమ్ము దులిపే పని ఆమెది. దులిపేది తక్కువ, వెనక గదిలో కూర్చునేది ఎక్కువ. సానచక్రం తిరుగుతుంటే గదంతా వెచ్చగా ఉండేది. తడి రాయి వాసన, అద్దాల పొడి, మూల డబ్బాలో కీచురాళ్ల గోల. అన్నయ్య చక్రం ఆపి, ముంజేతులు తుడుచుకుని, పెట్టె దగ్గర కూర్చునేవాడు. ఆమె కోడిగుడ్డు పెంకులు మెత్తగా నూరి తెచ్చేది. కీచురాళ్లను ఆ పొడిలో ఒకసారి పొర్లించి బల్లులకు వేసేవారు. గుడ్డు పెట్టే బల్లికి ఎముక బలం కావాలనేవాడు అన్నయ్య.

"వీటికి రెప్పల్లేవు చూశావా? కంట్లో దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటాయి."

"ఛీ!"

"ఛీ ఏమిటి? మన కస్టమర్ల కంటే నయం. అద్దం తుడుచుకోవడమైనా తెలుసు."

ఆడబల్లి ఇసుకలో గుంట తవ్వి రెండేసి గుడ్లు పెట్టి కప్పేసేది. గట్టి పెంకు, కోటు గుండీ అంత తెల్లటి గుడ్డు. లోపలాయన మెత్తటి కుంచెతో ఇసుక పక్కకు తోసి, గుడ్డును కదపకుండానే పైభాగాన పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. తరవాత ఆ చుక్క పైకే ఉండేట్టు చెంచాతో ఎత్తి వేరే డబ్బాలోకి మార్చేవాడు. ఆ డబ్బాను సానచక్రం మోటారు పక్కన వెచ్చగా ఉండే అరలో పెట్టేవాడు. పొదిగే తల్లి లేని గుడ్లకు మోటారే తల్లి. దుకాణానికి సెలవైన రోజున కూడా కాసేపు చక్రం తిప్పి వచ్చేవాడు.

ఒకసారి పుట్టిన పిల్లల్లో ఒకదానికి మెడ నుంచి తోక మొదలు దాకా వీపు మీద లేత గీత వచ్చింది. మిగతావన్నీ మచ్చలవే. ఆ గీత చూసి ఆయన మురిసిపోయాడు. ఆ పిల్లను పెంచి, జత కలిపి, దాని పిల్లల్లో గీత ఉన్నవాటిని ఏరి, మళ్లీ జత కలిపి, ఏళ్ల తరబడి అదే ధ్యాస. దగ్గర సంబంధాలు ఎక్కువైతే పిల్లలు బలహీనమవుతాయని ఎక్కడెక్కడి నుంచో కొత్త మగవాటిని తెచ్చేవాడు. చివరికి పెట్టెల్లోని ప్రతి బల్లికీ వీపున గీతే. అది తెగకుండా, వంకరపోకుండా, చుట్టిన దారం వదిలినట్టు సన్నగా ఉండేది. అలాంటివి మరెక్కడా తను చూడలేదని అనేవాడు. ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు. చెల్లెలితోనే అన్నాడు, అదీ ఒకే ఒకసారి.

వాళ్లమ్మ మాత్రం తల కొట్టుకునేది. "బల్లులకు సంబంధాలు వెతుకుతావు గాని నీకు వెతుక్కోవేమిరా!"

"నా వీపున గీత లేదుగా అమ్మా" అనేవాడు.

ఆ రోజులు ఎలా పోయాయో చెల్లెలికి తెలియదు. అమ్మ పోయింది. తను పెళ్లయి రెండు వీధుల అవతలికి కాపురానికి వెళ్లింది. వెనక గది మాత్రం అలాగే ఉందని ఒక ధీమా ఉండేది. ఎప్పుడు వెళ్లినా ఆ వెచ్చదనం, ఆ గోల ఉంటాయనుకునేది. దుకాణం పేరు బోర్డు బిగిస్తూ నిచ్చెన మీంచి అన్నయ్య పడిపోయేదాకా అలాగే ఉంది కూడా.

ఆసుపత్రి నుంచి ఆయనను ఆమె తన ఇంటికే తీసుకొచ్చింది. ముందు గదిలో మంచం వేసి, కట్టు వేసిన కాలు కింద దిండు పెట్టింది. ఎలా చెప్పాలా అని దారి పొడుగునా నలిగిపోయింది. చివరికి నీళ్లగ్లాసు చేతికిస్తూ గబగబా చెప్పేసింది. ఆయన నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు పిండికట్టు మీద గోటితో గీకాడు.

"ఇసుక ఏం చేశాడు?" అన్నాడు.

"ఇసుకేమిటి అన్నయ్యా?"

"పెట్టెల్లో ఇసుక. ముసలమ్మ వ్యాను రాకముందే గుడ్లు పెట్టే ఉంటుంది. వేరేవి కూడా పెట్టి ఉంటాయి. నేను తియ్యలేదు కదా. ఇసుక ఎక్కడుంది?"

ఆమె మారు మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి పిండి జల్లెడ తీసుకుని బయల్దేరింది.

దుకాణం పెరట్లో గుట్ట అలాగే ఉంది. ఆమె గొంతుక్కూర్చుని జల్లించడం మొదలుపెట్టింది. దుకాణంలోంచి చూస్తే పెరడంతా కనిపిస్తుంది. పెద్దన్నయ్య ఎవరో కస్టమరును వదిలేసి పరుగున వచ్చాడు.

"ఏమిటే ఇది? జనం చూస్తే ఏమనుకుంటారు?"

"పిండి జల్లిస్తున్నాననుకుంటారు. నువ్వెళ్లి కళ్లజోళ్లమ్ముకో."

"ఇసుకలో ఏముంటుందే?"

"నీకు తెలియందే ఉంటుంది. పిల్లల్లాగ పెంచుకున్నాడు, నీ చెయ్యి ఎలా ఆడిందన్నయ్యా? మనిషి మంచంలో ఉండగా!"

పెద్దన్నయ్య మొహం ఎర్రబడింది. కస్టమరు పిలవడంతో వెళ్లిపోయాడు. మళ్లీ పెరటి వైపు తిరగలేదు.

గుట్టలో సగం దాకా వచ్చేసరికి జల్లెడలో తెల్లగా ఒకటి దొర్లింది. ఆ తరవాత ఇంకోటి. కొన్ని పగిలి ఉన్నాయి, కొన్ని సొట్టలు పోయాయి. బాగున్నవాటిని కళ్లజోడు పెట్టెలో దూది పరిచి సర్దింది. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు. యుద్ధం గెలిచినంత సంబరంగా ఇంట్లోకి వచ్చి పెట్టె అన్నయ్య ఒళ్లో పెట్టింది.

పెట్టె తెరిచి చూడగానే ఆయన మొహం వాడిపోయింది.

"ఇవి దొర్లాయా?"

"జల్లెడ పడితే దొర్లవా అన్నయ్యా?"

అప్పుడు చెప్పాడు. గుడ్డు పెట్టిన కొద్దికాలానికే లోపలి పిల్ల పైపెంకుకు అంటుకుని పెరుగుతుంది. తరవాత గుడ్డు తిరగబడితే పచ్చసొన బరువంతా దాని మీద పడి ఊపిరాడక చచ్చిపోతుంది. చుక్క పెట్టేది అందుకే. ఆమె గదిలో అంతకాలం కూర్చుంది, ఆ చుక్కలు రోజూ చూసింది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అన్నయ్య సరదాకు పెట్టుకున్న గుర్తులనుకుంది.

"నేను చంపేశానా?" అంది.

"నువ్వెక్కడ? వ్యాను వచ్చిన రోజే పారతో తిరగేశారుగా. ఊరుకో. దుప్పటి ఇటివ్వు. టార్చి ఉందా?"

అన్నాచెల్లెళ్లిద్దరూ పట్టపగలు తలల మీదుగా దుప్పటి కప్పుకున్నారు. చిన్నప్పుడు ఇలాగే దుప్పటి కింద దూరి బెల్లంముక్కలు పంచుకునేవారు. టార్చి మొన మీద ఆయన ఒక్కొక్క గుడ్డే ఆనించాడు. కొన్ని గుడ్లలో ఏమీ లేదు, ఉత్త పసుపు వెలుగు. కొన్నిటిలో నల్లటి గడ్డ. ఏ కొన్నిటిలోనో ఎర్రటి ఉంగరంలాంటి గుర్తు, దాని నుంచి వెంట్రుకల్లాంటి నరాలు.

"ఇదిగో. ఈ ఉంగరం పైకి రావాలి. పెన్సిలు."

ఆమె భర్త సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి వచ్చేసరికి మంచం మీద దుప్పటి గుట్ట, లోపల వెలుగు, గుసగుసలు.

"ఏమిటి బావా, గుడారం వేశారు? టిక్కెట్టు ఉందా లోపలికి రావడానికి?"

"తలుపెయ్యండి, వెలుగొస్తోంది!" అంది భార్య దుప్పటి లోంచి.

ఎర్ర ఉంగరం ఉన్నవి చేతి వేళ్ల కంటే తక్కువే తేలాయి. వాటిని మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పొడి ఇసుక మీద పేర్చారు. మోటారు లేదు కనక వెచ్చటి చోటు కావాలి. ఇల్లంతా థర్మామీటరు పెట్టి చూడగా ఫ్రిజ్ పైన, వెనక అంచు బాగుందని తేలింది.

"బావకి మంచం ఇచ్చాను" అన్నాడు కండక్టరు భోజనం దగ్గర. "బావ బల్లిగుడ్లకి ఫ్రిజ్ ఇచ్చాను. రేపు అవి పిల్లలైతే వాటికి బస్సు పాసులు కూడా నేనే ఇప్పించాలి కామోసు."

"మీ ఫ్రిజ్ లోపలేం పెట్టలేదుగా, పైనే కదా" అన్నాడు లోపలాయన.

"ఆ డబ్బాకు భయపడి ఫ్రిజ్ తలుపు ఊపిరి బిగబట్టి తీస్తున్నాను బావా. చన్నీళ్లు తాగి ఎన్నాళ్లయిందో."

అన్నాడే గాని, డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకముందే మునివేళ్ల మీద నిలబడి డబ్బాలోకి చూసేది ఆయనే.

చెల్లెలు తరవాతి కాలంలో తలుచుకుంటే, కష్టకాలమని చెప్పుకోవలసిన ఆ రోజులే కళ్లముందు మెరిసేవి. పొద్దున్నే ఎండ ముందు గది గచ్చు మీద పడేది. ఆమె కూరలు తరుగుతూ మంచం పక్క కూర్చునేది. అన్నయ్య దిండుకు ఆనుకుని ఇరుగుపొరుగు తెచ్చిన కళ్లజోళ్లు బాగుచేసేవాడు. అమ్మ సంగతులు, సైన్సు మేష్టారి సంగతులు, కుర్చీ ఎక్కిన పెద్దన్నయ్య సంగతి. ఆ చివరిది చెప్పుకున్నప్పుడు కూడా ఇద్దరూ నవ్వేవారు, తరవాత ఆమె మళ్లీ కూరలు ముందుకు లాక్కునేది, ఆయన ఇంకో కళ్లజోడు అందుకునేవాడు. పెద్దన్నయ్య ఆ ఇంటి గడప తొక్కలేదు. కమలాపళ్లు మాత్రం దుకాణం పనివాడి చేత పంపేవాడు. లోపలాయన వాటిని ముట్టుకునేవాడు కాడు. కండక్టరు తినేవాడు.

గుడ్లు ఒక్కొక్కటే పోయాయి. ముందు పెంకు మీద మబ్బు రంగు మచ్చ వచ్చేది, తరవాత సొట్ట, తరవాత వాసన. ఆయన చెంచాతో తీసి, ఒక క్షణం చూసి, కాగితంలో చుట్టి ఆమెకు ఇచ్చేవాడు. చివరికి ఒకటి మిగిలింది. పెన్సిలు చుక్క కాస్త పక్కకు పడిన గుడ్డు.

"ఇదీ పోతే?" అని ఆమె ఒకసారి అడిగింది.

"పోతే గీత పోయినట్టే. మళ్లీ మొదట్నుంచి తెప్పించడానికి నాకు అంత ఆయుష్షు లేదు, అంత ఓపికా లేదు" అన్నాడు ఆయన.

ఒకనాటి పొద్దున్న వంటింట్లోంచి కండక్టరు కేక పెట్టాడు. "ఒసేయ్! రా! మీ అన్నయ్య గుడ్డుకి మూతొచ్చింది!"

మూతి అనబోయి మూత అన్నాడు కంగారులో. పెంకు చివర చీలింది. చీలికలోంచి పెద్ద బుర్ర, నల్లటి కళ్లు. లోపలాయన ఒంటికాలి మీద గోడ పట్టుకుని గెంతుకుంటూ వచ్చాడు. ముగ్గురూ ఫ్రిజ్ ముందు నిలబడ్డారు. పిల్ల కాసేపు అలా తల బయటపెట్టి అలసట తీర్చుకుంది. తరవాత ఒక్క ఊపున బయటికి వచ్చి, ఇసుక అంటిన వీపుతో తోక పైకెత్తి నిలబడింది. ఆయన కుంచెతో మెల్లగా ఇసుక దులిపాడు. మెడ నుంచి తోక మొదలు దాకా లేత గీత.

"ఉంది" అన్నాడు.

కండక్టరు ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాడు.

కాని పిల్ల తినలేదు. పుట్టిన కొద్దిరోజులు తినకపోవడం మామూలే, ఆ తరవాతైనా తినాలి. ఇసుకరేణువంత కీచురాయి పిల్లలను చెల్లెలు ఎక్కడెక్కడో వెతికి తెచ్చింది. అవి దాని ముక్కు ముందే తిరిగేవి. అది చూసేది, తల పక్కకు వంచేది, కన్ను నాకేది, అంతే. తిరగబడిన గుడ్డులో ఏదో నలిగిపోయిందన్నాడు లోపలాయన. దాని తోక సన్నబడింది. ఒక మధ్యాహ్నం రాయి కింద కదలకుండా ఉంది. ఆయన రాయి పైకెత్తి, మళ్లీ దించేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు.

ఆ మర్నాడే పెద్దన్నయ్య ఏదో పని మీద కండక్టరు బస్సెక్కాడట. "టిక్కెట్టు" అని చెయ్యి చాపినవాడు పెద్దబావ మొహం చూసి, "పిల్ల పుట్టింది, చచ్చిపోయింది. చిన్నబావ తిండి మానేశాడు" అన్నాడట. పెద్దన్నయ్య చిల్లర కూడా తీసుకోకుండా తరవాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, ఎదురు బస్సు కోసం నిలబడ్డాడట. "అద్దంలో చూశాను, అలాగే నిలబడి ఉన్నాడు" అని కండక్టరు ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు.

మూడోనాడు పెద్దన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా నలిగి, చెమటతో వీపుకు అంటుకుపోయింది. మూతకు చిల్లులు పొడిచిన రేకుడబ్బాను రెండు చేతులా, వీలైనంత దూరంగా, నిప్పుల కుంపటి మోసినట్టు పట్టుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒరే. ఇదిగో."

లోపలాయన ఇటు తిరగలేదు.

"ఆ వ్యానువాడి దుకాణం పట్టుకునేసరికి తాతలు దిగొచ్చార్రా. ఊరు మార్చేశాడు. అన్నీ అమ్మేశాడట, ఇవే మిగిలాయట. ఆడదీ మగదీ కావాలని గట్టిగా అడిగి మరీ తెచ్చాను. తీసుకో. త్వరగా తీసుకోరా, లోపల గీకుతున్నాయి!"

చెల్లెలు డబ్బా అందుకుని మంచం మీద పెట్టి మూత తీసింది. రెండు నేలబల్లులు, మూలకు ఒదిగి, కళ్లు నాక్కుంటూ. బలంగానే ఉన్నాయి. వీపు నిండా మచ్చలు. గీత లేదు. గీత జాడ కూడా లేదు. అంగట్లో ఏ పెట్టెలోనైనా దొరికే మామూలు నేలబల్లులు.

ఆమె తల ఎత్తి పెద్దన్నయ్య వైపు చూసింది. ఆయన గుమ్మానికి ఆనుకుని, బడిలో మార్కులు చెప్పించుకునే పిల్లవాడిలా నిలబడి ఉన్నాడు. ఆమెకు నోటిదాకా వచ్చింది, ఇవి కావు, కళ్లజోళ్లమ్ముకుంటూ కళ్లెక్కడ పెట్టుకున్నావు అని. లోపలాయన అప్పటికి లేచి కూర్చున్నాడు. డబ్బాలోకి వంగి చాలాసేపు చూశాడు. అరచేతితో ఆడదాన్ని ఎత్తి, పొట్ట చూసి, దించాడు.

"ఇవేనా?" అన్నాడు పెద్దన్నయ్య.

"ఇవే అన్నయ్యా."

"నాకు తెలుసురా! చూడగానే పట్టేశాను. అన్నేళ్లు నా దుకాణంలోనే కదా పెరిగాయి!" పెద్దన్నయ్య మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. "ఏమే, మంచినీళ్లియ్యి. పొద్దున్నుంచీ గొంతు ఎండిపోయింది."

కట్టు విప్పాక లోపలాయన వెనక గదికి తిరిగి వెళ్లలేదు. అందులో అప్పటికే కుర్చీలు, ఫ్యాను, అక్షరాల బోర్డు వచ్చేశాయి. చెల్లెలి ఇంటికి దగ్గర్లోనే ఒక మేడగది తీసుకుని, సానచక్రం అక్కడికి మార్పించుకున్నాడు. దుకాణం పనివాడు అద్దాలు తెచ్చేవాడు, పట్టుకుపోయేవాడు. దుకాణంలో లోపల లేకపోయినా పేరు మాత్రం లోపలాయనే. రేకుడబ్బాలో వచ్చిన జంట గుడ్లు పెట్టింది. పిల్లలు పుట్టాయి, వాటికి పిల్లలు పుట్టాయి. గోడ పొడుగునా మళ్లీ పెట్టెలు లేచాయి. మళ్లీ ఆ గోల, ఆ వెచ్చదనం.

పెద్దన్నయ్య సెలవు రోజున మెట్లెక్కి వచ్చేవాడు. తలుపు దగ్గరే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఎవరైనా కూడా వస్తే చూపించేవాడు. "ఇవి మా దుకాణంలో పుట్టిన జాతి అండీ. ఒకసారి చెయ్యిదాటిపోతే నేనే పోయి వెనక్కి తెచ్చాను." లోపలాయన చక్రం తిప్పుకుంటూ తల ఊపేవాడు. చక్రం చప్పుడు మాత్రం ఆ సమయంలో కాస్త పెరిగేది. ఆ సంగతి చెల్లెలు ఒక్కతే గమనించింది.

ఏళ్లు గడిచాయి. పెద్దన్నయ్య మెట్లెక్కలేని రోజు వచ్చింది. కండక్టరుకు ఉద్యోగ విరమణ అయింది. కొడుకు దగ్గరికి వేరే ఊరు మకాం మారుస్తూ, చెల్లెలు చిన్నన్నయ్యకు చెప్పడానికి ఒక్కతే వెళ్లింది. వాళ్లిద్దరూ చూసుకోవడం అదే ఆఖరు.

ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. పెట్టెల ముందు చిన్న పీట మీద కూర్చుని నీళ్ల గిన్నెలు కడుగుతున్నాడు. ఆమె పక్కన కూలబడి పెట్టెలన్నీ వరసగా చూసింది. మచ్చలు, మచ్చలు, మచ్చలు. ఎక్కడైనా ఒక్క గీత కనిపిస్తుందేమోనని తనకు తెలియకుండానే వెతికింది.

"రాలేదు" అన్నాడు ఆయన అటు తిరక్కుండానే. "వీటి రక్తంలో అది లేదు. వస్తుందని నేనూ చూడలేదు."

"మరి ఆ రోజు ఇవే అని ఎందుకన్నావన్నయ్యా? నిజం చెప్పు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది."

ఆయన గిన్నె అంచు బొటనవేలితో రుద్దాడు. పెట్టెలో ఒక బల్లి రాయి మీదికెక్కి వాళ్లిద్దరినీ చూస్తూ కన్ను నాక్కుంది.

"అన్నయ్యని క్షమించేశావనుకుంటా" అంది ఆమె.

"నేనెప్పుడన్నానమ్మా ఆ మాట? చేసిన ఒక్కదానికే ఆయన మీద కోపం ఇంకా తీరలేదు నాకు. ఇవి కావని చెప్తే, వేరేవి తెచ్చి రెండో తప్పు కూడా చేసినట్టవును. ఆ కోపాన్నెక్కడ పెట్టుకోను?" అన్నాడు లోపలాయన. "ఆ కూజా ఇలా అందుకో. వీటికి నీళ్లు మార్చాలి."